పనిముట్ల పెట్టె: రబ్బరు కప్ప, కొర్రమీను



పోయిన నెల కత్తిపీట పదును గురించి, అంతకు ముందు నెల స్ప్రేయరు వాషర్ల గురించి రాశాను. ఈ నెల గాలం గురించి రాస్తున్నాను. పెద్దాయన పనిలేక చెరువు గట్టెక్కాడని అనుకోవద్దు. సువార్తలలో వలల మాట చాలా చోట్ల వస్తుంది గాని గాలం మాట ఒక్క చోటే వస్తుంది. అది మత్తయి 17వ అధ్యాయంలో, పన్ను కట్టవలసిన సమయాన పేతురును వేయమన్న గాలం. కనుక ఈ పేజీలో గాలానికి కూడా కాస్త చోటు ఉండవచ్చు. పైగా మా ఇంట్లో ఈ గాలం వలన ఒక చిన్న తగవు వచ్చింది. ఆ తగవులోనే నేను ఒక కొత్త పని నేర్చుకున్నాను.

పోయిన సంవత్సరం మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైంది. మంచి వాన పడింది. ఊళ్ళో పత్తి గింజలు పెట్టే పని మొదలైంది. పదకొండేళ్ళ మా మనవడిని వెంటబెట్టుకుని ఊరి వెనుక కుంటకు వెళ్ళాను. కొర్రమీనుకు మా నాయన నేర్పిన పద్ధతి ఒక్కటే. గట్టు మీద కప్పను పట్టాలి, దాని తొడలో గాలం గుచ్చాలి, గుర్రపుడెక్క అంచున విసరాలి. కప్ప ఈదుతుంది, కొర్రమీను మింగుతుంది. మా ప్రాంతంలో ఇది చాలామందికి తెలిసిన పనే.

ఆ రోజు కప్పను పట్టుకున్నది మా మనవడే. నేను గాలం గుచ్చాను. వాడు కాసేపు చూసి, "తాతయ్యా, దీనికి నొప్పి పుట్టదా?" అన్నాడు.

"కప్పకేం నొప్పిరా! మా నాయన కాలం నుంచీ ఇంతే," అన్నాను.

వాడు మరి మాట్లాడలేదు. కాని ఆ కప్ప ముందుకాళ్ళతో ఆ ఇనుప ముక్కను నెట్టుకుంటున్నది. అరవై ఏళ్ళుగా గాలం వేస్తున్నా నేను ఆ సంగతి ఎప్పుడూ గమనించలేదు. వాడు చూస్తున్నాడు గనుక నేనూ చూడవలసి వచ్చింది.

చేప పడింది. ముప్పావు కిలో ఉంటుంది. రాత్రి పులుసు పెట్టారు. వాడు పెరుగన్నం తిని లేచిపోయాడు. మా ఇంటామె జ్వరమేమోనని వాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం కాదని నాకు తెలుసు. ఆ తరువాత వాడు నాతో కుంటకు రావటం మానేశాడు.

క్రిస్మసు సెలవులకు వాడి మేనమామ హైదరాబాదు నుండి వస్తూ మూడు రబ్బరు కప్పలు, రెండు పొట్లాల రబ్బరు వానపాములు తెచ్చాడు. "బావగారూ, ఇక కప్పలను గుచ్చే పనిలేదు," అని మా అబ్బాయితో అన్నాడు. నేను నవ్వాను. కొర్రమీను అంత తెలివితక్కువదా అనుకున్నాను. తెలివితక్కువతనం నాదేనని తరువాత తెలిసింది.

పొట్లం మీద ఉన్న చేప ఏది?

ఆ పొట్లాల మీద 'బాస్' అనే చేప బొమ్మ ఉంటుంది. అది అమెరికా మంచినీటి చెరువులలో ఉండే చేప. మన సముద్రపు పాయలలోనూ ఉప్పునీటి చెరువులలోనూ పెరిగే పండుగప్పను ఇంగ్లీషులో సీబాస్ అంటారు గాని అది వేరు, ఇది వేరు. కొర్రమీను కూడా బాస్ కు బంధువు కాదు. అయితే అలవాట్లు కలుస్తాయి. రెండూ నాచు క్రింద, ఆకుల నీడన పొంచి ఉంటాయి. రెండూ నీటి పైన కదిలే కప్పను ఒక్క ఉదుటున అందుకుంటాయి. రెండూ తమ పిల్లలకు కాపలా కాస్తాయి. అందువలన అక్కడి చేప కోసం చేసిన బొమ్మ ఇక్కడి చేపకూ పనికివచ్చింది.

మెత్తని ప్లాస్టిక్ ఎరల చరిత్ర కూడా ఇంటి చరిత్రే. 1949లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఏక్రన్ పట్టణంలో నిక్ క్రీమ్ అనే మెషిన్ పనివాడు తన ఇంటి వంటపొయ్యి మీద ప్లాస్టిక్ కాచి, అచ్చుల్లో పోసి వానపాములు చేశాడు. భార్య కూడా అతనితో కలిసి పనిచేసింది. కప్పలు, ఎండ్రకాయలు, బల్లులు వంటి మెత్తని ఎరలు ఆ దారిలోనే వచ్చాయి.

ఒక భేదం మాత్రం మనం గుర్తుంచుకోవాలి. బాస్ నోట్లో పళ్ళు గరుకు కాగితంలా ఉంటాయి. కొర్రమీనుకు నిజమైన కోరలు ఉన్నాయి. కనుక అక్కడ ఎక్కువ కాలం ఆగే కప్ప ఇక్కడ తొందరగా చిరుగుతుంది. రెండు మూడు వందల రూపాయల వస్తువు గనుక దాన్ని కాపాడుకోవటం మనకే ఎక్కువ అవసరం.

మేము చేసిన పొరపాటు

మా మనవడు రెండు కప్పలను, వానపాములన్నిటిని ఒకే ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, ఆ డబ్బాను రేకుల షెడ్డులో అటక మీద పెట్టాడు. మూడో కప్పను దాని పొట్లంలోనే ఉంచి తన పుస్తకాల బీరువాలో దాచుకున్నాడు. ఎండాకాలం వచ్చింది. మన పల్నాటి ఎండలు, ఒంగోలు ఎండలు నేను చెప్పనవసరం లేదు. మే నెలలో డబ్బా తెరిస్తే వానపాములన్నీ ముద్ద అయినాయి. కప్పలు వాటికి అతుక్కుని, రంగులు కలిసిపోయి, డబ్బా అడుగు కూడా జిగటపడింది. పుస్తకాల బీరువాలోని కప్ప మాత్రం కొత్తదానిలాగే ఉంది.

వాడు ఏడ్చాడు. నేను వాడినే కేకలేశాను. తరువాత మేనమామకు ఫోను చేస్తే కారణం చెప్పాడు. ఈ ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి అందులో ఒక రకం నూనె కలుపుతారు. ఆవకాయ ముక్కను కాగితంలో చుడితే నూనె కాగితానికి ఎలా ఎక్కుతుందో, అలాగే ఈ నూనె ప్రక్కనున్న ప్లాస్టిక్ లోకి ఎక్కి దానిని కరిగిస్తుంది. ఎండ వేడికి ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. తప్పు పిల్లవాడిది కాదు. చెప్పవలసిన పెద్దవాళ్ళకే తెలియలేదు.

రెండు రకాల కప్పలు, రెండు రకాల గాలాలు

మొదటిది డొల్ల కప్ప. లోపల గాలి ఉంటుంది గనుక నీటి మీద తేలుతుంది. దీనికి రెండు మొనల గాలం ముందే అమర్చి వస్తుంది. మొనలు రెండూ పైకి తిరిగి కప్ప వీపును ఆనుకుని ఉంటాయి. అందుకే నాచులో, తామరాకులలో తగులుకోదు. చేప నోరు మూసినప్పుడు డొల్ల నొక్కుకుపోయి మొనలు బయటపడతాయి. కొనేటప్పుడు బొటనవేలితో, చూపుడువేలితో వీపును నొక్కి చూడండి. తేలికగా నొక్కుకుని మొనలు బయటికి రావాలి. గట్టిగా ఉన్న కప్ప చేపను నిలపదు.

వెనుక కాళ్ళకు బదులు రబ్బరు కుచ్చులు ఉంటాయి. అవి మరీ పొడవుగా ఉంటే చేప కుచ్చును పట్టి లాగి వదిలేస్తుంది, గాలం దాకా రాదు. కత్తెరతో రెండు ప్రక్కలా సమానంగా కొంత కత్తిరించండి. ఒకేసారి ఎక్కువ కత్తిరించవద్దు. కత్తిరించిన కుచ్చు మళ్ళీ పెరగదు.

కప్ప తేలికై దూరం పోకపోతే, గాలం కాడ దూరిన సందులో నుండి రెండు మూడు చిన్న గాజుపూసలు లోపలికి వేయవచ్చు. బరువూ వస్తుంది, కదిలినప్పుడు చిన్న చప్పుడూ వస్తుంది. నేను మొదట సైకిలు చక్రంలోని ఇనుప గోళీలు వేశాను. అవి తుప్పు పట్టి కప్ప కడుపంతా ఎర్రబడింది. గాజుపూసలే మేలు.

రెండవది గట్టి కప్ప. డొల్ల ఉండదు, నిండుగా ఉంటుంది. కాళ్ళ చివర తెడ్ల వంటివి ఉండి, లాగినప్పుడు నీళ్ళను కొడతాయి. దీనికి గాలం మనమే గుచ్చుకోవాలి. మెడ దగ్గర మెలిక ఉన్న వెడల్పు వంపు గాలం కావాలి. మొనను కప్ప ముక్కులో అర సెంటీమీటరు లోపలికి గుచ్చి గడ్డం క్రింద బయటికి తీయండి. గాలాన్ని కన్ను ముక్కులో చేరేదాకా లాగి, సగం త్రిప్పండి. ఇప్పుడు వంపును కప్ప ప్రక్కన పెట్టి, మొన ఎక్కడికి వస్తుందో గుర్తు చూసుకోండి. సరిగ్గా అక్కడే పొట్టలో నుండి గుచ్చి వీపు పైన తేల్చండి. కప్ప వంగకుండా తిన్నగా ఉండాలి. వంకరగా ఉంటే నీటిలో గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది. చివరికి మొనను వీపు తోలులో కొద్దిగా, గోరంత దాచితే నాచు పట్టదు. ఈ కట్టును టెక్సాస్ రిగ్ అంటారు.

దారానికి మామూలు నైలాను కంటే అల్లిన దారం మేలు. నాచులోనుండి చేపను ఈడ్చాలి గనుక పదిహేను, ఇరవై కిలోల బరువు ఓర్చేది తీసుకోండి. ముడి సులభమే. దారాన్ని మడిచి ఆ మడతను గాలం కన్నులో దూర్చండి, వదులుగా ఒక మామూలు ముడి వేయండి, మిగిలిన ఉచ్చులో నుండి కప్పను మొత్తం దూర్చి, ఉమ్ముతోగాని నీటితోగాని తడిపి బిగించండి. దీని పేరు పాలోమర్ ముడి.

నీటి మీద

కొర్రమీను గాలి పీల్చటానికి పైకి వస్తుంది. ఆ బుడగ ఎక్కడ లేచిందో చూసి, దానికి కొంచెం అవతల కప్పను వేసి, మెల్లగా ఆ చోటికి తీసుకురావాలి. రెండు చిన్న ఎగుర్లు, ఒక విశ్రాంతి. నిజమైన కప్ప ఆగకుండా ఈదదు. చేప లేచి కొట్టగానే మనం అదిరిపడి రాడ్డును గుంజుతాము. అప్పుడు కప్ప ఖాళీగా ఎగిరి వచ్చి మన మీదే పడుతుంది. మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టి, దారం బిగిసిందని చేతికి తెలిశాక గట్టిగా లాగాలి. ఈ రెండు అంకెలు లెక్కపెట్టడం నాకు పదిహేను రోజులు పట్టింది, మా మనవడికి ఒక సాయంత్రం పట్టింది.

ఇంటికి వచ్చిన తరువాత

1. డొల్ల కప్పను నొక్కి లోపలి నీళ్ళు పూర్తిగా పిండండి. బురదను మంచినీళ్ళతో కడగండి. కిరోసిను, పెట్రోలు తగలనివ్వవద్దు. దోమల మందు పూసుకున్న చేతులతో పట్టుకోవద్దు. అట్టి మందులలో కొన్ని ప్లాస్టిక్కును కరిగిస్తాయి.

2. గుడ్డతో తుడిచి, నీడలో రాత్రంతా ఆరనివ్వండి. తడితో మూతపెడితే గాలం తుప్పు పడుతుంది. ఎండలో ఆరబెట్టవద్దు. మిరపకాయలకు ఎండ మంచిది గాని వీటికి కాదు.

3. ఏ కప్పను ఆ కప్ప వచ్చిన పొట్లంలోనే ఉంచండి. వేరే రకం రబ్బరు ఎరలతో కలపవద్దు. పైన బరువు పెట్టవద్దు, డొల్ల కప్ప ఒకసారి చప్పిడి అయితే తేలటం మానేస్తుంది. రేకుల షెడ్డు, స్కూటరు డిక్కీ, వంటింటి పొయ్యి ప్రక్క వీటికి పనికిరావు. బట్టల బీరువా అడుగు చక్కని చోటు. చిన్న పిల్లలున్న ఇంట్లో తాళం వేయండి.

4. గట్టి కప్ప కాలు వంకరపోతే, చెయ్యి ఓర్వలేనంత వేడి నీళ్ళలో చిమటాతో పట్టుకుని ఒక నిమిషం ముంచి, కాలు తిన్నగా చేసి, వెంటనే చన్నీళ్ళలో వేయండి. ఆ ఆకారంలో నిలుస్తుంది. నీళ్ళు తెర్లుతూ ఉండకూడదు. ఈ పని పెద్దవాళ్ళు చేయాలి.

5. కప్ప మునిగిపోతూ ఉంటే చిల్లి పడిందన్నమాట. సైకిలు ట్యూబును చూసినట్టే బకెట్టులో ముంచి నొక్కండి. గాలం కాడ దగ్గర బుడగలు రావటం సహజం. మరెక్కడైనా వస్తే అక్కడే చిల్లి. బాగా ఆరబెట్టి, ఒక్క చుక్క ఫెవిక్విక్ వేసి ఆరనివ్వండి. సిలికాన్ తో చేసిన కప్పకు మాత్రం ఆ జిగురు అంటదు.

6. ఇక పనికిరాని కప్పను చెరువులో పారవేయవద్దు. గాలం తీసి దాచుకుని, రబ్బరును చెత్తలో వేయండి. చేపలు, కొంగలు మింగితే వాటి కడుపులో అరగదు.

పిల్లలను పంపే తల్లిదండ్రులకు

గాలం మొన ప్రక్కనున్న ఎదురుముల్లును కటింగ్ ప్లేయరుతో నొక్కి అణచివేయండి. చేప ఒకటి అరా తప్పించుకుంటుంది గాని, పిల్లవాడి వేలికి గుచ్చుకుంటే తేలికగా వస్తుంది. ముల్లు దాకా దిగిన గాలాన్ని ఇంట్లో పెరకవద్దు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ధనుర్వాతం సూది వేయించండి. విసిరేటప్పుడు వెనుక ఎవరూ ఉండకూడదు.

సాగర్ కుడి కాలువ నిండుగా పారుతున్నప్పుడు గట్టు మీద నిలబడి గాలం వేయనివ్వవద్దు. ఆ సిమెంటు వాలు మీద కాలు జారితే పట్టుకోవటానికి ఏమీ ఉండదు. తాగునీటి చెరువుల జోలికి అసలు పోవద్దు. మిగతా చెరువులు చాలా వరకు మత్స్యకారుల సంఘాల పాటలో ఉంటాయి. అది వారి జీవనాధారం గనుక ముందుగా అడిగి, వారు సరేనంటేనే వేయండి. కరెంటు తీగ వేసి చేపలు పట్టేవారితో మీ పిల్లలను ఏనాడూ తిరగనివ్వవద్దు. ఆ విధంగా మనుషులే పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాము.

మరొక మాట. వానాకాలంలో నీటి పైన ఎర్రని చిన్న పిల్లల గుంపు ముద్దగా కదులుతూ కనబడితే, దాని క్రింద కొర్రమీను కాపలా ఉంటుంది. ఆ గుంపు మీద కప్పను వేస్తే అది తప్పక కొడుతుంది. ఆకలితో కాదు, పిల్లల కోసం. అక్కడ వేయకండి. కాపలా పోయిన ఆ గుంపును మిగతా చేపలు తినేస్తాయి. వచ్చే ఏడు ఆ చెరువులో మనకే చేప ఉండదు.

కప్ప సంగతి

నా చిన్నతనంలో తొలకరి వానకు బోదురుకప్పల అరుపులతో నిద్రపట్టేది కాదు. ఇప్పుడు మా కుంట దగ్గర వాటిని చెవి పెట్టి వినాలి. ఒకప్పుడు మన దేశం నుండి కప్ప కాళ్ళు టన్నుల కొద్దీ విదేశాలకు పోయేవి. కప్పలు తగ్గితే పురుగులు పెరుగుతాయనే ఆందోళన వచ్చి, 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. అవే సంవత్సరాలలో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు తెల్లదోమతో కుదేలైపోయారు. కప్పలుంటే తెల్లదోమ వచ్చేది కాదని నేను అనను. అంత సులభమైన లెక్క కాదు. కాని రాత్రివేళ చేలో పురుగులను ఏరుకుని తినే కూలివాడికి మనం కూలి ఇవ్వటం లేదు. వాడి తొడలో గాలం గుచ్చకుండా ఉంటే చాలు.

అయితే మా మనవడు ఊరుకునేవాడు కాదు. "మరి చేపకు నొప్పి పుట్టదా తాతయ్యా?" అని ఈ మధ్య అడిగాడు. "పుడుతుందిరా," అన్నాను. ఈసారి అబద్ధం చెప్పలేదు. "దాన్ని మనం తింటాము. తినేదానిని ఎక్కువసేపు బాధపెట్టకూడదు. తిననిదానిని అసలు బాధపెట్టకూడదు. నాకు తెలిసింది ఇంతే," అన్నాను. వాడు తల ఊపాడు. పూర్తిగా ఒప్పుకున్నాడో లేదో తెలియదు.

ఈ సంవత్సరం మృగశిరకు వాడే నన్ను కుంటకు పిలిచాడు. బీరువాలోని ఆ మూడో కప్పను తెచ్చాడు. నాలుగోసారి వేయగా నీళ్ళు పగిలినట్టు చప్పుడైంది. వాడు పైకే ఒకటి, రెండు అని లెక్కపెట్టి లాగాడు. కిలోకు కొంచెం తక్కువ ఉంటుంది. గట్టు మీదికి రాగానే ఆలస్యం చేయకుండా తల మీద ఒక్క దెబ్బ వేయమన్నాడు, వేశాను. రాత్రి పులుసు పెట్టారు. వాడు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

భోజనం కాగానే వాడు చేసిన మొదటి పని ఆ రబ్బరు కప్పను పిండి, తుడిచి, కిటికీ నీడన ఆరబెట్టటం. బయట కుంట వైపు నుండి ఒక బోదురుకప్ప అరుపు వినబడింది. కాసేపటికి దానికి ఇంకొకటి బదులు పలికింది.

వచ్చే నెల పాత గొడుగుల బాగు గురించి మాట్లాడుకుందాము. అంతవరకు సెలవు.